సర్వర్‌కి తలుపు తీసే ఉంది, మావయ్య మార్చి అయ్యాక చూద్దామంటున్నారు

విజయవాడ నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. అందులోని సంగతి ఇది.

ఆయన వయసు 29. బీటెక్ తర్వాత రెండేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేశారు. నాన్నగారికి ఒంట్లో బాగోక ఇంటికి వచ్చేశారు. మూడేళ్లుగా మేనమామగారి మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలూ చూస్తున్నారు, కంప్యూటర్లూ చూస్తున్నారు. షాపులో 11 కంప్యూటర్లు, ఒక సర్వర్. సర్వర్‌లో విండోస్ సర్వర్ 2012 ఆర్2, అందులో టాలీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. గుంటూరు, ఏలూరు బ్రాంచిల వాళ్లూ, ఆడిటర్‌గారూ రిమోట్ డెస్క్‌టాప్‌తో (దూరం నుంచే ఇంకో కంప్యూటర్‌ని తెరిచి వాడుకునే సౌకర్యం) నేరుగా ఆ సర్వర్‌లోకి వస్తారు. అందుకోసం పన్నెండేళ్లుగా కంప్యూటర్లు చూస్తున్న సర్వీసు ఆయన రౌటర్‌లో పోర్టు, అంటే బయటినుంచి లోపలికి వచ్చే ఒక నంబరున్న తలుపు, తెరిచి పెట్టారు. బ్యాకప్ సర్వర్‌కే ఎప్పుడూ తగిలించి ఉండే ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్కులో పడుతుంది.

ఈమధ్య సర్వర్ నెమ్మదించిందని ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) తెరిస్తే, సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు ఎంట్రీలు గంటకు మూడు వేలకు పైగా కనిపించాయట. అడ్మిన్, అకౌంట్స్, టాలీ, స్కాన్, టెస్ట్ లాంటి పేర్లతో ఎవరో లోపలికి రావాలని చూస్తున్నారు. సర్వీసు ఆయనకు చెబితే పోర్టు నంబరు 3389 నుంచి 33890కి మార్చి "ఇంక ఏం కాదు" అన్నారు. మావయ్య ఏమో "పన్నెండేళ్లుగా ఏమీ కాలేదు. మన లెక్కలు ఎవడికి కావాలిరా? మార్చి అయ్యాక చూద్దాం" అన్నారు. ఇంతలో ఇదే వ్యాపారంలో ఉన్న ఇంకో షాపులో ఫైళ్లన్నీ లాక్ అయిపోయి, తొమ్మిది రోజులు చేత్తో బిల్లులు రాసుకున్నారు.

"రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా ఆ పోర్టు మూసేయనా? లేక నేనే ఇంటినుంచి సర్వర్‌లోకి దూరి ఆయనకు చూపించనా? రేపు ఏదైనా అయితే నింద నా మీదే పడుతుంది. నా చదువుకి ఫీజులు కట్టింది మావయ్యే, గట్టిగా మాట్లాడలేను. మానేసి వెళ్లిపోవడమే మంచిదా?" ఇవీ వారి ప్రశ్నలు.

మీరు చూసింది సరిగ్గానే చూశారు, భయపడటంలోనూ తప్పు లేదు. అయితే మీ ఉత్తరంలో మూడు వేరువేరు చిక్కులు ఒకదానికొకటి ముడిపడిపోయాయి. ఒకటి తెరిచి ఉన్న పోర్టు. రెండోది పాతబడిన సర్వర్. మూడోది మావయ్యకీ మీకూ మధ్య ఉన్న మొహమాటం. మార్చి అయ్యాక అన్న మాట రెండోదానికి చెల్లుతుంది, మొదటిదానికి చెల్లదు. మావయ్య వాయిదా వేస్తున్నది పెద్ద ఖర్చుని. పోర్టు సంగతి కూడా ఆ ఖర్చులో భాగమే అనుకుని దాన్నీ కలిపి వాయిదా వేస్తున్నారు. రెండూ ఒకే మాటలో చెప్పి ఉంటారు మీరు.

"మన లెక్కలు ఎవడికి కావాలి" అన్నదానికి ముందు జవాబు చూద్దాం. ఇక్కడ ఎవరూ కూర్చుని మీ షాపుని ఎంచుకోలేదు. ఇంటర్నెట్‌లో ఉన్న చిరునామాలన్నిటినీ వరసగా తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. ఏ చిరునామాలో రిమోట్ డెస్క్‌టాప్ పలికితే అక్కడ పేర్లూ పాస్‌వర్డ్‌లూ వేసి చూస్తాయి. ఒక చిరునామాలో ఉండేవే 65,535 పోర్టులు, అన్నీ వెతకడం వాటికి పెద్ద పని కాదు. ఏ పోర్టులో పెట్టినా రిమోట్ డెస్క్‌టాప్ తన పలకరింపులోనే తానెవరో చెప్పేస్తుంది. కాబట్టి 33890కి మార్చడం వల్ల లాగ్‌లో హడావిడి కొన్నాళ్లు తగ్గుతుంది, అంతే. తగ్గింది కదా అని ఊరుకోవడమే అసలు ప్రమాదం.

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) వచ్చినప్పుడు బ్రిటన్‌లో ప్రభుత్వ ఆస్పత్రులూ, ఫ్రాన్స్‌లో కార్ల ఫ్యాక్టరీలూ, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లూ ఒకే విధంగా లాక్ అయ్యాయి. అది వాడుకున్న లోపం విండోస్ ఫైల్ షేరింగ్‌లోది. దానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు ఇచ్చింది. మధ్యలో 59 రోజులు. అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు, వేసుకోనివాళ్లు చిక్కారు. తెలిసిన లోపంతో వచ్చే ఇబ్బందే ఇది: సరిదిద్దే మార్గం మనకు ఎంత తెలుసో, దూరే మార్గం అవతలివాళ్లకూ అంతే తెలుసు. పన్నెండేళ్లు ఏమీ కాలేదంటే పాస్‌వర్డ్ ఇంతవరకూ వాళ్ల జాబితాలో తగల్లేదని అర్థం. షాపు పేరు పక్కన సంవత్సరం, లేదా పేరు పక్కన 123 ఉన్న పాస్‌వర్డ్ ఒక్కరిది ఉన్నా చాలు, ఏదో ఒకరోజు తగులుతుంది.

ఇప్పుడు మీరు అన్నిటికంటే ముందు చేయాల్సింది, ఎవరైనా ఇప్పటికే లోపలికి వచ్చారా అన్నది చూడటం. 4625 అంటే విఫలమైన ప్రయత్నం. అవి ఎన్ని వేలున్నా అంత కంగారు లేదు. చూడాల్సింది 4624, అంటే సఫలమైనది, అందులోనూ లాగాన్ టైప్ 10, అంటే రిమోట్ డెస్క్‌టాప్‌తో వచ్చినది. కానీ ఒక చిక్కుంది. సెక్యూరిటీ లాగ్‌కి మామూలుగా ఇచ్చే చోటు 20 ఎంబీ మాత్రమే. గంటకు మూడు వేల ఎంట్రీలు పడుతుంటే కొద్ది గంటల్లోనే పాతవి చెరిగిపోతాయి. ఈ హోరులో అసలు దొంగ వచ్చిన గుర్తు ఉన్నా మీకు కనిపించదు. అందుకని ఈవెంట్ వ్యూయర్‌లోనే అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్ కింద, మైక్రోసాఫ్ట్, విండోస్, ఆపైన టెర్మినల్ సర్వీసెస్ లోకల్ సెషన్ మేనేజర్ అన్న ఫోల్డర్ తెరవండి. అందులో ఆపరేషనల్ లాగ్‌లో నిజంగా లోపలికి వచ్చినవాళ్లే ఉంటారు కాబట్టి చాలా నెలల వెనకటివి కూడా దొరుకుతాయి. 21 నంబరు ఎంట్రీలు ఏరండి. ప్రతిదాంట్లో ఎవరి పేరుతో వచ్చారు, ఏ చిరునామా నుంచి వచ్చారు అన్నది ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి "అకౌంట్స్" పేరుతో విదేశీ చిరునామా నుంచి ఒక్క ఎంట్రీ ఉన్నా, ఈ ఉత్తరంలో మిగతాదంతా పక్కనపెట్టి దాన్ని పట్టుకోవాలి. 1102 అన్న ఎంట్రీ సెక్యూరిటీ లాగ్‌ని ఎవరో తుడిచేశారని చెబుతుంది. 4720 కొత్త యూజర్‌ని సృష్టించారని చెబుతుంది. యూజర్ల జాబితాలో మీకు తెలియని పేరు, టాస్క్ షెడ్యూలర్‌లో అర్థంకాని పని, ఎవరూ పెట్టని ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే ఇంకో ప్రోగ్రాం), దానంతటదే ఆగిపోయిన యాంటీవైరస్ ఉన్నాయేమో ఓపిగ్గా చూడండి. సెక్యూరిటీ లాగ్ సైజు ఇవాళే ఒక జీబీకి పెంచండి.

అలాంటి గుర్తులు దొరికితే పోర్టు మూసి ఊరుకుంటే చాలదు. వచ్చినవాడు వెనక్కి రావడానికి ఇంకో దారి పెట్టుకునే వెళతాడు. ఆ పరిస్థితిలో సర్వర్‌ని నెట్ నుంచి తీసేసి, డేటా మాత్రం కాపీ చేసుకుని, విండోస్ మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి. పాస్‌వర్డ్‌లన్నీ వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి మార్చాలి. అప్పుడు మావయ్యతో మార్చి సంగతి మాట్లాడే ప్రశ్నే రాదు, ఆ రాత్రే చెప్పాలి.

గుర్తులేమీ లేకపోతే మీ రెండు ఆలోచనల సంగతికి వద్దాం.

రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా పోర్టు మూసేస్తే ఏమవుతుంది? పొద్దున తొమ్మిదిన్నరకి గుంటూరు బ్రాంచిలో బిల్లు పడదు. వాళ్లు సర్వీసు ఆయనకు ఫోన్ చేస్తారు, ఆయన రౌటర్‌లోకి వెళ్లి మళ్లీ తెరుస్తారు, మావయ్యకు చెబుతారు. తెరిచిన పోర్టు తెరిచే ఉంటుంది, పైగా ఇకమీదట మీరేం చెప్పినా "వీడు పని ఆపిస్తాడు" అన్న మాట ముందు నిలబడుతుంది. ఇక ఇంటినుంచి సర్వర్‌లోకి దూరి చూపించడం మాత్రం వద్దే వద్దు. ఐటీ చట్టంలో 43వ సెక్షను యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడాన్ని తప్పంటుంది, దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే 66వ సెక్షను దాన్ని నేరం చేస్తుంది. మేనమామ కేసు పెట్టకపోవచ్చు. కానీ మీరు ప్రయోగం చేసిన వారంలోనే నిజమైన దాడి జరిగితే, లాగ్‌లో మీ ఇంటి చిరునామా ఉంటుంది. అంత నింద కోరి తెచ్చుకోకండి. ఇంటినుంచి పోర్టు తెరిచి ఉందా లేదా అని చూడాలన్నా, "మావయ్యా, బయటినుంచి ఒకసారి చూస్తాను" అని వాట్సాప్‌లో ఒక మాట పెట్టి, ఆయన సరే అన్నాకే చూడండి.

పోర్టుకి మీ ముందున్న దారులు మూడు. మూడిటికీ లాభనష్టాలున్నాయి.

మొదటిది, పోర్టు అలాగే ఉంచి, ఫలానా చిరునామాల నుంచి వస్తేనే పలకాలని రౌటర్‌లో కట్టడి చేయడం. కొత్తగా కొనేదేమీ ఉండదు, మీ రౌటర్‌లో ఆ సౌకర్యం ఉంటే అరగంట పని. కానీ గుంటూరు, ఏలూరు బ్రాంచిలకు స్టాటిక్ ఐపీ, అంటే మారని నెట్ చిరునామా, ఉండాలి, దానికి నెట్ కంపెనీలు విడిగా డబ్బు తీసుకుంటాయి. లేకపోతే రౌటర్ ఆపి ఆన్ చేసినప్పుడల్లా చిరునామా మారిపోయి బ్రాంచి బయటే నిలబడుతుంది. కేబుల్ కనెక్షన్లలో చాలాచోట్ల ఒకే చిరునామాని పదుల ఇళ్లవాళ్లు పంచుకుంటారు, దాన్ని అనుమతిస్తే వాళ్లందర్నీ అనుమతించినట్టే. ఇది నాలుగు వారాలు ఓపిక పట్టడానికి పనికొస్తుంది, శాశ్వతంగా కాదు.

రెండోది వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదే మనవాళ్లకు మాత్రం తెరుచుకునే రహస్య దారి. నా మొగ్గు దీనివైపు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉన్న రౌటర్ ఒకటి ప్రధాన షాపులో పెడతారు. బ్రాంచిల్లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక్కో తాళంచెవి ఇస్తారు. ముందు వీపీఎన్ కలుస్తుంది, ఆ తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్. తాళంచెవి లేనివాళ్లు ఎంత తట్టినా వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు, అక్కడ ఏదో ఉందన్న సంగతే తట్టినవాళ్లకు తెలియదు. ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ల తాళంచెవి ఒక్కటీ తీసేస్తే సరిపోతుంది. వీపీఎన్‌ని ఆ పాత విండోస్ సర్వర్‌లోనే పెట్టకండి, రౌటర్‌లోనే ఉండాలి. వీపీఎన్ నుంచి వచ్చినవాళ్లు సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌కి తప్ప షాపులో మిగతా కంప్యూటర్లకు వెళ్లలేకుండా రౌటర్‌లో రూలు పెట్టండి. లేకపోతే ఏలూరులో ఒక ల్యాప్‌టాప్‌కి పట్టిన వైరస్ విజయవాడ దాకా నడిచొస్తుంది.

మార్చేటప్పుడు ఒక్క రోజులో మార్చొద్దు. పాత పోర్టు ఉండగానే వీపీఎన్ పెట్టండి. గుంటూరు వాళ్లని రెండు రోజులు దానిమీద పని చేయనివ్వండి, ప్రింటర్‌లో బిల్లు సరిగా వస్తోందో చూడండి, తర్వాత ఏలూరు. అందరూ మారాక ఒక ఆదివారం పాత పోర్టు ఫార్వర్డింగ్ తీసేయండి. ఆ తర్వాత ఫోన్‌లో షాపు వైఫై ఆపి, మొబైల్ డేటా మీద పాత చిరునామాకి రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నించండి. కలవకూడదు. వ్యాపారం ఒక్క గంట కూడా ఆగదు కాబట్టి మావయ్య అడ్డు చెప్పడానికి కారణం ఉండదు.

వీపీఎన్ పెట్టాం కదా అని ఆ పెట్టెని మర్చిపోకూడదు. ఫోర్టినెట్ అనే కంపెనీ వీపీఎన్ పెట్టెల్లో ఒక లోపాన్ని 2019లోనే సరిదిద్దారు. అప్‌డేట్ వేసుకోనివాళ్ల పెట్టెల నుంచి దొంగిలించిన దాదాపు 5 లక్షల యూజర్ పేర్లూ పాస్‌వర్డ్‌లూ 2021 సెప్టెంబరులో బయటపెట్టారు. అప్‌డేట్ వేసుకుని పాస్‌వర్డ్ మార్చనివాళ్లూ అందులో ఉన్నారు. మీరు ఏది కొన్నా, దాని ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో అడిగి కొనండి. బయటినుంచి రౌటర్ సెట్టింగుల పేజీ తెరుచుకునే సౌకర్యం ఆపండి, యూపీఎన్‌పీ (మనల్ని అడక్కుండానే పోర్టులు తెరిచే సౌకర్యం) ఆపండి.

మూడో దారి, టాలీని, బిల్లింగ్‌ని అద్దె సర్వర్‌లోకి మార్చడం. నెలనెలా ఒక్కో యూజర్‌కీ డబ్బు కట్టాలి. షాపులో నెట్ పోతే బిల్లింగ్ ఆగుతుంది. అక్కడ కూడా రిమోట్ డెస్క్‌టాప్ నేరుగా తెరిచి ఇచ్చేవాళ్లున్నారు, అడిగి తెలుసుకోకపోతే ఇక్కడి చిక్కే అక్కడికి మారుతుంది. సర్వర్ ఎలాగూ మార్చాలి కాబట్టి ఏప్రిల్‌లో దీన్నీ లెక్కలోకి తీసుకోండి, ఇప్పుడు కాదు.

ఆడిటర్‌గారి విషయం వేరు. ఆయనకు రోజూ లోపలికి రావాల్సిన పనుందా అని ఒకసారి అడగండి. నెలకోసారి టాలీ బ్యాకప్ ఇస్తే సరిపోయేటట్టయితే ఒక తలుపు పూర్తిగా తగ్గిపోతుంది. ఆయన ఆఫీసులో ఎంతమంది కుర్రాళ్లకు మీ పాస్‌వర్డ్ తెలుసో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

మూడింట్లో ఏదీ ఈ వారం కుదరకపోతే, కనీసం ఇవి చేయండి. రిమోట్ డెస్క్‌టాప్ హక్కు ఎవరెవరికుందో చూసి, అవసరం లేనివాళ్లని తీసేయండి. నెట్‌వర్క్ లెవల్ ఆథెంటికేషన్ (పాస్‌వర్డ్ సరిచూశాకే సర్వర్ తెర చూపించే పద్ధతి) ఆన్ చేయండి. మిగిలినవాళ్లకు 14 అక్షరాలకు తగ్గని పాస్‌వర్డ్‌లు పెట్టండి. పదిసార్లు తప్పు కొడితే 15 నిమిషాలు లాక్ అయ్యేలా లోకల్ సెక్యూరిటీ పాలసీలో పెట్టండి. దీనికో ఇబ్బంది ఉంది: దొంగలు "అకౌంట్స్" పేరుతో పదిసార్లు తప్పు కొట్టినప్పుడల్లా మీ అకౌంటెంట్ కూడా బయటే ఆగిపోతారు. అందుకని బయట ఊహించలేని యూజర్ పేర్లు పెట్టండి. పాత సర్వర్లలో అడ్మినిస్ట్రేటర్ అన్న ఖాతాకి ఈ లాక్ మామూలుగా పడదు. దానికి బయటినుంచి వచ్చే హక్కు తీసేసి, మీ పని కోసం వేరే పేరుతో ఖాతా చేసుకోండి.

సర్వర్ సంగతి. 2012 ఆర్2కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2023 అక్టోబరు 10తో ఆగిపోయాయి. విడిగా డబ్బు కట్టి తీసుకునే అప్‌డేట్లకు కూడా 2026 అక్టోబరు వరకే గడువు. ముందు చూడాల్సింది, 2023 అక్టోబరు దాకా వచ్చిన మామూలు అప్‌డేట్లైనా పడ్డాయా అని. 2019 ఆగస్టులో రిమోట్ డెస్క్‌టాప్‌లోనే రెండు లోపాలు సరిదిద్దారు, ఇవి 2012 ఆర్2కీ వర్తిస్తాయి. పాస్‌వర్డ్ తెలియకుండానే సర్వర్‌ని చేజిక్కించుకోగలిగేంత తీవ్రమైనవి. కంట్రోల్ ప్యానెల్‌లో ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్ల తేదీ చూడండి. 2017 దగ్గరో 2018 దగ్గరో ఆగిపోయి ఉంటే, ఎందుకు ఆగిందో కూడా వెతకండి. చాలా షాపుల్లో కారణం ఒకటే: ఒకేసారి ఇద్దరికంటే ఎక్కువమంది రిమోట్ డెస్క్‌టాప్‌లోకి రావాలంటే మైక్రోసాఫ్ట్ లైసెన్సులు కొనాలి. అవి కొనకుండా సిస్టమ్ ఫైలుని మార్చేసి నడుపుతుంటారు. విండోస్ అప్‌డేట్ పడితే ఆ మార్పు పోయి, మూడో మనిషి లోపలికి రాలేడు. అందుకని అప్‌డేట్లే ఆపేస్తారు. మీ దగ్గరా అలాగే ఉంటే అప్‌డేట్లు ఆన్ చేసిన మర్నాడే బ్రాంచి పని ఆగుతుంది. ముందు లైసెన్సుల ఖర్చు తేల్చుకుని, పూర్తి బ్యాకప్ తీసుకుని, ఆదివారం చేయండి.

ఇప్పుడు బ్యాకప్. ఇది మావయ్య అనుమతి కోసం ఆగాల్సిన పని కాదు, ఇప్పటికే మీ బాధ్యత. ఎప్పుడూ తగిలించి ఉండే యూఎస్‌బీ డిస్క్ రాన్సమ్‌వేర్‌కి ఇంకో డ్రైవ్, అంతే. ఈ అక్షరం ఆ అక్షరం అని చూడకుండా కనిపించిన ప్రతి డ్రైవ్‌నీ లాక్ చేస్తుంది. విండోస్ తనంతట తాను దాచే పాత కాపీలని ముందుగానే తుడిచేస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో సింక్ పెట్టినా లాక్ అయిన ఫైలే పైకి వెళ్లి మంచిదాని స్థానంలో కూర్చుంటుంది. పాత వెర్షన్లు ఎన్ని రోజులు ఉంచుతుందో చూసి పెట్టుకుంటేనే అది పనికొస్తుంది.

ఒక టెరాబైట్ డిస్కులు రెండు కొనండి. సోమ బుధ శుక్ర ఒకటి, మంగళ గురు శని ఇంకోటి. రాత్రి బ్యాకప్ అయ్యాక తీసేసి, ఆరోజు డిస్క్ ఇంటికి తీసుకెళ్లండి. ఏ క్షణంలోనైనా ఒకటి తీగ లేకుండా బయట ఉండాలి. దీంతో పాటు వెర్షన్లు దాచే క్లౌడ్‌లో ఇంకో కాపీ. ఆపైన, నెలకోసారి ఆ డిస్కుని సర్వర్‌కి కాకుండా వేరే కంప్యూటర్‌కి పెట్టి టాలీలో, బిల్లింగ్‌లో తెరిచి చూడండి. నిన్నటి చివరి బిల్లు నంబరు ఉందా? ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందా? ఏదో ఒక మందు తీసుకుని బ్యాచి నంబరు, ఎక్స్‌పైరీ, నిల్వ సర్వర్‌లో ఉన్నట్టే ఉన్నాయా? బ్యాకప్ రోజూ "సక్సెస్" అని చూపించి, తెరిస్తే టాలీ మాత్రమే ఉండి బిల్లింగ్ డేటాబేస్ లేకపోవడం తరచుగా జరిగేదే. నడుస్తున్న డేటాబేస్ ఫైలుని మామూలు కాపీ పట్టుకోలేక వదిలేస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న బ్యాకప్ మెనూతో ముందు ఫైలు తీసి, ఆ ఫైలుని కాపీ చేయాలి.

షాపు లోపల ఇంకో మూడు చోట్లు చూడండి. ఒకటి సీసీటీవీ డీవీఆర్. మావయ్య ఫోన్‌లో చూసుకోవడానికి కెమెరాలు పెట్టినవాళ్లు దానికీ పోర్టు తెరిచి ఉంటారు. హిక్‌విజన్ కెమెరాల్లో 2021 సెప్టెంబరులో బయటపడిన లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే వాటిని పూర్తిగా చేజిక్కించుకోవచ్చు. సర్వర్ ఉన్న నెట్‌వర్క్‌లోనే డీవీఆర్ ఉంటే అక్కడినుంచి సర్వర్‌కి ఒక్క అడుగు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, పోర్టు తీసేసి, వీలైతే వేరే నెట్‌వర్క్‌లో పెట్టండి. రెండోది ఎస్‌ఎంబీ వన్ అన్న పాత ఫైల్ షేరింగ్, వాన్నాక్రై పాకింది దానిమీదే. ఆపేయండి. ఆపగానే పాత జిరాక్స్ మిషన్ నుంచి ఫోల్డర్‌లోకి స్కాన్ కావడం ఆగిపోవచ్చు, ముందే కౌంటర్‌లో వాళ్లకు చెప్పి స్కాన్ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చేలా మార్చండి. మూడోది, 11 కంప్యూటర్లకీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండటం. ఒకటి పోతే అన్నీ పోతాయి. కౌంటర్ వాళ్లకి అడ్మిన్ హక్కు ఇవ్వకపోతే బిల్లింగ్ నడవదని సర్వీసు ఆయన అంటారు. ఆ ప్రోగ్రాం ఫోల్డర్‌లో రాసే హక్కు మాత్రం ఇచ్చి చూడండి, చాలావరకు నడుస్తుంది.

ఇక మావయ్యతో మాట్లాడటం. పోర్టులు, 4625లు ఆయనకు చెప్పి లాభం లేదు. ఆయనకు తెలిసిన భాష బాకీలది. షాపు కట్టేశాక, స్టాఫ్ వెళ్లిపోయాక కూర్చుని ఒక్కటే అడగండి: "మావయ్యా, రేపు పొద్దున కంప్యూటర్ తెరుచుకోకపోతే ఏ మెడికల్ షాపు మనకెంత ఇవ్వాలో చెప్పగలమా?" హోల్‌సేల్ వ్యాపారంలో ప్రాణం ఆ జాబితాలోనే ఉంది. షాపులవాళ్లు అందరూ మంచివాళ్లే కావచ్చు, కానీ మన దగ్గర లెక్క లేదని తెలిస్తే "పోయిన వారమే కట్టేశాం కదా" అనేవాళ్లు ఉంటారు. ఎక్స్‌పైరీ రిటర్నులు ఆగుతాయి. టర్నోవరు 5 కోట్లు దాటితే ఈ-ఇన్వాయిస్ లేకుండా అవతలి వ్యాపారికి బిల్లు చెల్లదు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టం. రోజు అమ్మకం ఎంతో, పది రోజులు ఆగితే ఎంతో ఆయన చేతే కాగితం మీద వేయించండి. మీరు అంకె చెబితే వాదిస్తారు, తానే వేసుకుంటే వాదించరు. ఆ కాగితం కిందే రెండు పద్దులు రాయండి: ఈ వారానికి రౌటర్, రెండు డిస్కులు. ఏప్రిల్‌కి సర్వర్, లైసెన్సులు. రెంటికీ మధ్య గీత గీయండి. మొదటి పద్దు ఒప్పుకోవడం ఆయనకు తేలిక.

సర్వీసు ఆయన్ని తప్పు పట్టకండి. పన్నెండేళ్ల కిందట అలా పోర్టు తెరవడం అందరూ చేసినదే. తన పని పోతుందనీ, మాట పడాల్సి వస్తుందనీ ఆయన భయం. రౌటర్ కొనడం, వీపీఎన్ పెట్టడం ఆయన చేతే చేయించండి, కూలి ఇప్పించండి. అప్పుడు మావయ్య దగ్గర ఆయనే మీ తరఫున మాట్లాడతారు. పని అయ్యాక రౌటర్, సర్వర్, డీవీఆర్ పాస్‌వర్డ్‌లన్నీ ఒక కవరులో పెట్టి మావయ్య బీరువాలో ఉంచండి. ఎవరి బుర్రలోనో మాత్రమే ఉండకూడదు.

అంతా చెప్పినా ఆయన మార్చి అయ్యాకే అంటే, మర్నాడు వాట్సాప్‌లో మర్యాదగా నాలుగు వాక్యాలు పెట్టండి: ఫలానా పోర్టు తెరిచి ఉంది, ఇంత ఖర్చుతో మూయవచ్చు, మీరు ఏప్రిల్ అన్నారు, అప్పటిదాకా రోజూ బ్యాకప్ ఇంటికి తెస్తున్నాను. బెదిరించినట్టు ఉండకూడదు, అందులో అబద్ధమూ ఉండకూడదు. రేపు నింద వస్తే మీకు అండగా ఉండేది అదే. చాలాసార్లు అలా రాతలో చూశాకే పెద్దవాళ్లు మనసు మార్చుకుంటారు కూడా.

ఈలోపే దాడి జరిగితే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి సర్వర్ పక్కన అంటించండి. మొదట నెట్‌వర్క్ కేబుల్ లాగేయాలి, వైఫై ఆపాలి. సర్వర్‌ని వెంటనే ఆఫ్ చేయొద్దు, దాని మెమరీలో దర్యాప్తుకి పనికొచ్చేవి ఉండవచ్చు. తెరమీద సందేశాన్ని ఫొటో తీయాలి. బయట ఉన్న బ్యాకప్ డిస్కుని కంగారులో ఆ సర్వర్‌కే తగిలించొద్దు, ఉన్న ఒక్కటీ పోతుంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి ఆరు గంటల్లో తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం, చిన్న సంస్థలకు అదే ఏడాది సెప్టెంబరు 25 నుంచి వర్తిస్తోంది. డబ్బు కడితే ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు, వచ్చినా పెద్ద డేటాబేస్ ఫైళ్లు పాడై రావచ్చు. లాక్ అయిన ఫైళ్లని మాత్రం చెరపొద్దు, వేరే డిస్కులో దాచండి. ఫోబోస్ అనే రాన్సమ్‌వేర్ ఇలా రిమోట్ డెస్క్‌టాప్ దారిలోనే ఏళ్లపాటు చిన్న వ్యాపారాల మీద పడింది. 2025 జులైలో జపాన్ పోలీసులు దానికి తాళం తీసే ప్రోగ్రాంని ఉచితంగా ఇచ్చారు. ఫైళ్లు దాచుకున్నవాళ్లకే అది పనికొచ్చింది.

మానేయాలా అన్న ప్రశ్నకు. ఈ వారమే మానేస్తే షాపు ఇలాగే ఉంటుంది, మీరు వెళ్లిన నెలలో ఏదైనా జరిగితే "వాడే ఏదో చేసి పోయాడు" అన్న మాట బంధువుల్లో పుడుతుంది. బ్యాకప్ సరిచేసి, మావయ్యతో ఒకసారి కాగితం మీద మాట్లాడి, వాట్సాప్ పెట్టి, ఏప్రిల్ నెలాఖరు దాకా చూడండి. అప్పటికీ ఏదీ కదలకపోతే, ఇంకో చోట ఉద్యోగం చూసుకోవడం కృతఘ్నత కాదు. తాను ఫీజులు కట్టి చదివించిన మేనల్లుడు షాపు ప్రమాదాన్ని జీవితమంతా మోయాలని మావయ్య కూడా అనుకోరు. వెళ్లేటప్పుడు మీ పేరున్న ఖాతాలన్నీ సర్వీసు ఆయన ఎదుట తీయించి, వీపీఎన్‌లో మీ తాళంచెవి రద్దు చేయించి, కవరులో పాస్‌వర్డ్‌లు మార్పించి, ఆ తేదీ రాసిన కాగితం మీద మావయ్య సంతకం తీసుకుని వెళ్లండి.